లప్పం పెట్టిన చిల్లులు

కోట చూపిస్తానని కొండ ఎక్కించి మూడు గంటలు కార్ల షెడ్డులో కూర్చోబెట్టారని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాల దగ్గర చెబుతూ ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. 2018 మే నెలలో మేము జర్మనీలో అబ్బాయి దగ్గర ఉన్నాం. హైడెల్‌బర్గ్ వెళ్లినవాళ్లందరూ చూసేది నెక్కర్ నది పక్కన కొండవాలు మీదున్న ఎర్రరాతి కోట, దాని కింద పాత వంతెన. మేమూ వాటికోసమే బయలుదేరాం. కోట దాటి ఇంకొంచెం ముందుకు వెళితే కార్ల్ బాష్ మ్యూజియం అని ఒకటి ఉందని అబ్బాయి మాటవరసకు అన్నాడు. నడుస్తున్నవాణ్ణి అక్కడే ఆగిపోయాను.

"బాష్ అంటే మన ఇంట్లో డ్రిల్లు మెషిన్ వాళ్లేనా అండీ?" అని అడిగింది ఆవిడ.

కాదు. డ్రిల్లు మెషిన్ల రాబర్ట్ బాష్‌కు ఈ కార్ల్ అన్న కొడుకు. ఈయనది వేరే దారి, ఎరువుల కోసం అమ్మోనియా చేసే దారి. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈయన పెట్టిన పొయ్యి దగ్గరే కూడు తిన్నాను, ఒక్కసారి తొంగిచూసి వస్తానన్నాను. తొంగిచూడటం మూడు గంటలు పట్టింది.

కొండవాలు మీద బాష్ కట్టుకున్న పెద్ద భవంతి ఉంది. మ్యూజియం మాత్రం అందులో కాదు, దాని పక్కన ఆయన కార్లు పెట్టుకున్న షెడ్డులో. గెర్డా చీరా అనే ఆవిడ పూనుకుని 1998లో దాన్ని మ్యూజియంగా తెరిపించారు. ఆడంబరం ఏమీ లేదు. తెల్లగోడలు, అద్దాల అరలు, ఫొటోలు, ఇనుము. ఎక్కువగా ఇనుమే. లోపలికి అడుగుపెట్టగానే చల్లబడిన యంత్రాల మీద పాత నూనె వాసన వచ్చినట్టు అనిపించింది. నిజంగా వచ్చిందో, నా ముక్కే ఊహించుకుందో చెప్పలేను. మేము వెళ్లినప్పుడు మేము తప్ప చూడటానికి వచ్చినవాళ్లు ఇద్దరే ఉన్నారు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. 1979లో ఒక ఎరువుల కర్మాగారంలో ట్రైనీగా చేరాను. అమ్మోనియా ప్లాంటులో వేశారు. మొదటి నెల అంతా మెడలో తడి తువాలు, కళ్లలో నీళ్లు. గాలిసంచి ఎటు ఊగుతోందో చూసి దానికి అడ్డంగా పరుగెత్తడం తప్ప మరేమీ నేర్చుకోలేదు. ఆ ప్లాంటు మధ్యలో తాటిచెట్టంత ఎత్తున నిలబడి ఉండేది కన్వర్టర్. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా అయ్యేది దాని కడుపులోనే. లోపల ఆ కలయికను వేగం చేసే ఇనుప ఉత్ప్రేరకం, నాలుగువందల డిగ్రీలకు పైన వేడి, రెండువందల అట్మాస్ఫియర్ల ఒత్తిడి. రెండువందలు అంటే సముద్రంలో రెండు కిలోమీటర్ల లోతున నీళ్లు నొక్కేంత. దాని పక్కన నిలబడి టిఫిను డబ్బా విప్పుకుని తినేవాళ్లం.

ఆ ఏడాది మరమ్మతులకు ప్లాంటు ఆపిన షట్‌డౌన్‌లో కన్వర్టర్ బయటివైపు రంగు వేయించే పని నాకు అప్పగించారు. ట్రైనీకి అంతకంటే పెద్ద పని ఎవరిస్తారు? మా కన్వర్టర్ ఒకే ఒక్క మందపాటి రేకుతో చేసింది కాదు. లోపలి గొట్టం మీద పలచటి ఉక్కు రేకులను ఒకదాని మీద ఒకటి చుట్టుకుంటూ వచ్చారు, ఉల్లిపాయ పొరల్లాగా. బయటి పొరల మీద అక్కడక్కడ వరసగా చిన్న చిల్లులు ఉండేవి, పెన్సిలు దూరేంతవి. తుడిచి, గీకి, ఎర్ర ప్రైమరు కొట్టాక అవి కొట్టొచ్చినట్టు కనిపించాయి. రంగులవాళ్ల మేస్త్రీ పనిమంతుడు. గోడకు రంగు వేసే ముందు మేకుల చిల్లులు పూడ్చినట్టు ఒక్కొక్క చిల్లులో లప్పం కూరి, కత్తితో నున్నగా గీసి, ఉప్పుకాగితంతో రుద్దేశాడు. సాయంత్రానికి వేలు పెట్టి తడిమినా చిల్లు ఎక్కడుందో తెలియలేదు. నేను శభాష్ అన్నాను. టీ కూడా ఇప్పించాను.

మా ఫోర్‌మన్ గారు షిఫ్టు మారేవేళ వచ్చారు. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. ప్లాంటు కట్టేటప్పుడు బరువైన సామాను పైకెత్తి నిలబెట్టే రిగ్గరుగా చేరి ఫోర్‌మన్ అయినవారు. కిందనుంచి పైదాకా ఒకసారి చూశారు. నవ్వు మొహంతో వచ్చిన మనిషి మొహం నల్లబడింది.

"చిల్లులు ఏవయ్యా?"

పూడ్చేశామండీ అన్నాను, అదో ఘనకార్యంలాగా.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా ఎదురుగా నిలబడి, బొటనవేలు చూపుడువేలుతో తన ముక్కు గట్టిగా మూసుకుని, నోరు బిగించి, బుగ్గలు పూరించారు. మొహం ఎర్రబడేదాకా అలాగే ఉన్నారు. కళ్లు బయటికి వచ్చాయి. తర్వాత వదిలి, "దానికి ఊపిరాడేది అక్కడే. మూయకూడదు," అన్నారు. ఎందుకు మూయకూడదండీ అని అడిగాను. కన్వర్టర్ నిలబెట్టడానికి వచ్చిన విదేశీ ఇంజినీరుకు తెలుగు రాదు, ఈయనకు ఇంగ్లీషు రాదు. ఆ దొర ఆ చిల్లులు చూపించి ఇలాగే ముక్కు మూసుకుని బుగ్గలు పూరించి చూపించాడట. "ఆయన చెప్పింది అంతే. నాకు తెలిసింది అంతే."

ఆ రాత్రి మేస్త్రీ, నేను, ఇద్దరు హెల్పర్లు సారువ మీద కూర్చుని టార్చిలైటు వెలుగులో తీగముక్కలతో ఒక్కో చిల్లూ తవ్వాం. లప్పం అప్పటికే గట్టిపడింది. నేను లెక్కపెట్టినవి నూట నలభై రెండు. తెల్లవారేసరికి నా గోళ్లనిండా ఎర్ర ప్రైమరే.

తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. వీప్ హోల్స్ అంటారు, హైడ్రోజన్ బయటికి పోవడానికి అని ఒక వాక్యం ఉంటుంది. పరీక్షకు ఆ వాక్యం సరిపోయింది. ఆ చిల్లు ఎవరికి తోచింది, ఎంత బాధపడితే తోచింది అనేది మాత్రం హైడెల్‌బర్గ్ కొండ మీది షెడ్డులో తెలిసింది.

గాలిలో నూటికి డెబ్బయ్యెనిమిది పాళ్లు నైట్రోజనే. పైరుకు కావలసిందీ అదే, కానీ గాలిలో ఉన్నది ఉన్నట్టుగా దానికి పనికిరాదు. అందుకే వందేళ్ల కిందట ఐరోపా అంతా చిలీ దేశపు ఎడారిలో తవ్వితీసిన నైట్రేటు మీద ఆధారపడింది. ఆ గాలిని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేయవచ్చని ఫ్రిట్జ్ హేబర్ కార్ల్స్‌రూహేలో 1909 జులై 2న చేసి చూపించాడు. బల్ల మీద పెట్టగలిగే యంత్రం. గంటకు ఒక చిన్న కప్పుడు అమ్మోనియా. పాఠ్యపుస్తకం అంతవరకు చెప్పి, "దీనిని హేబర్ పద్ధతి అందురు" అని ముగించేస్తుంది. మా రోజుల్లో బాష్ పేరు ఉంటే గింటే బ్రాకెట్లో ఉండేది. కప్పుడు ద్రవాన్ని టన్నులు చేయడం గుమాస్తా పని అన్నట్టు!

బాష్ 1874లో కొలోన్‌లో పుట్టాడు. ముందు లోహశాస్త్రం, యంత్రాల చదువు, తర్వాత లైప్‌జిగ్‌లో రసాయనశాస్త్రంలో డాక్టరేటు. 1899లో లుడ్విగ్స్‌హాఫెన్‌లోని బీఏఎస్ఎఫ్ రంగుల కంపెనీలో చేరాడు. రసాయనశాస్త్రం తెలిసినవాళ్లకు ఇనుము తెలియదు, ఇనుము తెలిసినవాళ్లకు రసాయనశాస్త్రం తెలియదు, ఈయనకు రెండూ తెలుసు. నా లెక్కలో కథ అంతా ఇక్కడే ఉంది. హేబర్ చెప్పిన ఒత్తిడి వింటేనే కంపెనీలో పెద్దలు హడలిపోయారు. ఉక్కు పరిశ్రమ ఏం చేయగలదో నాకు తెలుసు, ప్రయత్నించవచ్చు అన్నవాడు బాష్.

హేబర్ వాడిన ఉత్ప్రేరకం ఆస్మియం అనే లోహం. అది భూమి మీద దొరికేదే కొంచెం. దానికి బదులు చవకైన పదార్థం వెతికే పని అల్విన్ మిట్టాష్ నెత్తిన పడింది. ఆయన బృందం వేలకొద్దీ మిశ్రమాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, చివరకు స్వీడన్‌లో దొరికే ఒక ఇనుప ఖనిజం దగ్గర తేలింది. దానికి అల్యూమినా, పొటాష్ లాంటివి కాస్త కలిపితే చాలు. ఇప్పటికీ చాలా ప్లాంట్లలో వాడేది దాని వారసత్వమే. మా కన్వర్టర్‌లో నింపిన నల్ల గులకలు కూడా.

ఇక గొట్టం. అప్పట్లో దొరికే మంచి ఉక్కుతో గొట్టం చేయించి, పేలితే మనుషులకు తగలకుండా కాంక్రీటు గదిలో పెట్టి నడిపారు. ఎనభై గంటలు పనిచేసి పేలింది. అందులో ఇనుప ఉత్ప్రేరకానికి బదులు ఆస్మియం ఉండి ఉంటే ప్రపంచంలో ఉన్న ఆస్మియం అంతా పోయేదని బాష్ తన నోబెల్ ఉపన్యాసంలో చెప్పాడు. గొట్టం మందం పెంచితే సరిపోదు, ఎందుకు పేలిందో తెలియాలి. ఆయన పగిలిన ముక్కను కోసి, నున్నగా పాలిష్ పట్టి, సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. ఉక్కుకు బలం ఇచ్చేది అందులోని కార్బన్. లోపలి అంచున ఆ కార్బన్ లేదు. ఆ వేడికి, ఒత్తిడికి హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి, కార్బన్‌ను పట్టుకుని మీథేనుగా మారిపోతోంది. పైకి గొట్టం నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల గుల్ల. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, అలాంటిది.

హైడ్రోజన్‌ను లోపలికి రానివ్వని లోహం కోసం అందరూ వెతుకుతారు. ఆయనా వెతికాడు. దొరకలేదు. 1911లో తోచిన ఉపాయం దీనికి తిరగబడినది. రానీ, కానీ దారి చూపించి బయటికి పంపు. లోపల పలచటి మెత్తని ఇనుప గొట్టం. అందులో దాదాపు కార్బన్ ఉండదు కనుక హైడ్రోజన్‌కు దొంగిలించడానికి ఏమీ దొరకదు. దాని బయట మందపాటి ఉక్కు తొడుగు, ఒత్తిడిని మోసేది అదే. లోపలి ఇనుములోంచి కొంచెంకొంచెంగా చెమర్చే హైడ్రోజన్ ఈ తొడుగు దగ్గర పోగుపడితే మళ్లీ పాత కథే. అందుకని తొడుగుకు చిల్లులు వేశాడు. వచ్చిన హైడ్రోజన్ ఒత్తిడి లేకుండా గాలిలోకి పోతుంది, ఉక్కు క్షేమం. రెండువందల అట్మాస్ఫియర్లు మోయవలసిన పాత్రకు కావాలని చిల్లులు వేయడం! జర్మన్ ఇంజినీర్లు వాటిని ఈనాటికీ బాష్ చిల్లులంటారు.

ఆ చిల్లుల తొడుగును అక్కడ దగ్గరగా చూశాను. అంచులు కొంచెం అరిగి, లోపల తుప్పు కాఫీ పొడి రంగులో ఉంది. నా చేయి దానంతట అదే లేచింది. చిటికెన వేలు చిల్లు మీద పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. "ముట్టుకోకూడదేమో అండీ," అని ఆవిడ చుట్టూ చూసింది. నేను ఆవిడ వైపు తిరిగి ముక్కు మూసుకుని బుగ్గలు పూరించాను. పెళ్లయిన ముప్పయ్యారేళ్లలో లప్పం కథ ఆవిడ ఎన్నిసార్లు వినిందో లెక్కలేదు. "ఇదా అది!" అంది. ఆ తర్వాత షెడ్డు గురించి విసుక్కోలేదు. చుట్టాల దగ్గర మాత్రం ఆ భాగం చెప్పదు.

1913 సెప్టెంబరులో లుడ్విగ్స్‌హాఫెన్ పక్కనే ఉన్న ఓపావ్‌లో మొదటి కర్మాగారం నడవడం మొదలైంది. బల్లమీది ప్రయోగానికి, దీనికి మధ్య నాలుగేళ్లు. మా కాలంలో కంప్యూటర్లూ కొలతలూ అన్నీ ఉండి కూడా ఒక కంప్రెసర్ మార్చడానికి అంత కాలం తీసుకోవడం చూశాను.

అంతవరకే అయితే పూలదండ వేసి వచ్చేయవచ్చు. మరుసటి ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. చిలీ ఓడలు ఆగిపోయాయి. పొలానికని చేసిన అమ్మోనియా నైట్రిక్ ఆమ్లమై మందుగుండుగా మారింది. అది ఆయన చేతుల మీదుగానే జరిగింది. యుద్ధం ఓడిపోయాక వెర్సాయ్‌లో సంధి చర్చలకు వెళ్లిన జర్మన్ బృందంలో ఆయన ఒకడు. రాత్రివేళ గోడ దూకి వెళ్లి ఫ్రెంచివాళ్లతో విడిగా మాట్లాడి, తన కర్మాగారాలను కూల్చకుండా కాపాడుకున్నాడని చెబుతారు. పరిశ్రమల అధిపతి గోడ దూకడం నాకు భలే నచ్చింది. షిఫ్టు ఎగ్గొట్టి రెండో ఆట సినిమాకు వెళ్లిన మా హాస్టల్ గోడ గుర్తొచ్చింది.

తర్వాతి ఫొటో దగ్గర నవ్వు ఆగిపోయింది. 1921 సెప్టెంబరు 21, ఓపావ్. గోదాములో అమ్మోనియం సల్ఫేటు, నైట్రేటు కలిపిన ఎరువు 4,500 టన్నులు రాయిలా గడ్డకట్టి ఉంది. దాన్ని వదులు చేయడానికి చిన్న చిన్న పేలుడు మందులు పెట్టేవారు. అంతకు ముందు వేలసార్లు పెట్టారు, ఎప్పుడూ ఏమీ కాలేదు. ఆ ఉదయం ఏడున్నరకు గుట్టలో ఒక భాగం పేలింది. సుమారు 560 మంది చనిపోయారు. గోదాము ఉన్నచోట దాదాపు 20 మీటర్ల లోతు గొయ్యి, ఊరు దాదాపు నేలమట్టం. హైడెల్‌బర్గ్‌లో కూడా కిటికీ అద్దాలు పగిలాయి. ఆ ఫొటోలో గొయ్యి అంచున నిలబడ్డ మనుషులు చీమల్లా ఉన్నారు.

ఎప్పుడూ ఏమీ కాలేదు. ఆ మాట మా ప్లాంటులో ఎన్నిసార్లు విన్నానో. నేనే ఎన్నిసార్లు అన్నానో. రాత్రి షిఫ్టులో ఒక అలారం మోగితే, అది రోజూ మోగేదేలే అని మీట నొక్కి ఆపేసిన చేయి నాది కూడా. ఆ ఫొటో ముందు ఎక్కువసేపు నిలబడలేకపోయాను. ఆ కర్మాగారాన్ని 115 రోజుల్లో మళ్లీ నిలబెట్టారట. ఆ అంకె చూసి గర్వపడాలో, ఇంకేమైనా అనుకోవాలో తేల్చుకోలేదు.

1931లో బాష్‌కు, ఫ్రీడ్రిష్ బెర్గియస్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది, అధిక ఒత్తిడి రసాయన పద్ధతులకు. అప్పటికి ఆయన ఐజీ ఫార్బెన్ అనే మహా రసాయన సంస్థకు అధిపతి. బొగ్గు నుంచి పెట్రోలు తీసే తన పథకాన్ని బతికించుకోవడానికి 1933లో నాజీ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నాడు. యూదు శాస్త్రవేత్తలను తరిమేస్తే జర్మనీ విజ్ఞానం నాశనమవుతుందని ప్రభుత్వాధినేత హిట్లర్‌కు మొహం మీదే చెప్పాడంటారు. రెండూ చేసింది ఒకే మనిషి. ఆయనను వెనకేసుకురావాలని నాకు చాలా ఉంది కానీ, ఆ ఒప్పందం మీది సంతకం కూడా ఆయనదే. చివరి రోజులు దిగులుతో, తాగుడుతో గడిచాయి. 1940లో ఈ హైడెల్‌బర్గ్‌లోనే పోయాడు.

ఒక మూల ఆయన సరదాల గురించి పెట్టారు. పెంకు పురుగులు పట్టి సూదులకు గుచ్చి దాచేవాడు. ఖనిజాలు పోగుచేసేవాడు. ఇంటి దగ్గర దూరదర్శినితో నక్షత్రాలు చూసేవాడు. హైడెల్‌బర్గ్ జంతుప్రదర్శనశాల కూడా ఆయన చలవే. "ఈయన ఇల్లాలు ఎలా వేగిందో పాపం," అంది మా ఆవిడ. ఇంటినిండా పురుగులు, రాళ్లు పెట్టుకున్న మొగుడితో అని ఆవిడ ఉద్దేశం. మా ఇంట్లో పాత వాల్వులు, ప్రెజర్ గేజీలు మూడు అట్టపెట్టెలున్నాయి. నేను మాట మార్చాను.

బయట ఆవరణలో ఒక పెద్ద ఉక్కు పాత్ర ఉంది. దాని నీడలో బెంచీ మీద కూర్చుని అబ్బాయి తెచ్చిన చపాతీలు తిన్నాం. ఈ రోజు మనుషుల ఒంట్లో ఉన్న నైట్రోజన్‌లో దాదాపు సగం ఇలాంటి పాత్రల్లోంచి వచ్చిందేనని శాస్త్రవేత్తల అంచనా. ఆ చపాతీ సగం నీ కన్వర్టర్‌లోదేనన్నమాట అన్నాడు అబ్బాయి. ఊరగాయ మాత్రం మీ అమ్మది అన్నాను.

ఇంటికి తిరిగి వచ్చాక ఫోర్‌మన్ గారి ఊరికి ఫోను చేశాను. ఎనభై నాలుగేళ్లు, చెవులు పూర్తిగా పోయాయి. మనవడు వీడియో కాల్ పెట్టి ఆయన మొహం ముందు పట్టుకున్నాడు. నేను ఏం చెబుతున్నానో ఆయనకు వినపడటం లేదు, ఎవరినో కూడా పోల్చుకున్నట్టు లేరు. అరవడం మానేసి, ప్రింటు వేయించి ఉంచిన ఫొటోను కెమెరాకు దగ్గరగా పట్టుకున్నాను. తుప్పుపట్టిన ఉక్కు తొడుగు, దాని మీద వరసగా చిల్లులు. ఆయన ఫోను లాక్కుని కళ్లకు ఆనించుకున్నారు. కాసేపు తెరనిండా ఒక కనుబొమ్మ మాత్రమే కనిపించింది. తర్వాత ఫోను వెనక్కి జరిపి, రెండు వేళ్లతో ముక్కు మూసుకుని, పళ్లు లేని నోరు బిగించి, బుగ్గలు పూరించారు.

"తాతా, ఏమైంది? ఊపిరాడటం లేదా?" అని మనవడు కంగారుపడటం వినిపించింది.